గాంబియాలో గెలిచిన ఎకోవాస్ నైజర్‌లో ఎందుకు చతికిలపడింది?

మంజీర:
2016 డిసెంబర్ ఎన్నికల్లో ఓడి కూడా గద్దె దిగనని మొండికేసిన గాంబియా అధ్యక్షుడు యాహ్యా జమ్మేను పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ 2017 జనవరిలో దాదాపు తుపాకీ పేల్చకుండానే దేశం దాటించింది. 2023 జులై 26న నైజర్‌లో ఎన్నికైన అధ్యక్షుడు మహమద్ బజూమ్‌ను సొంత అంగరక్షక దళమే బంధించింది. ఇదే కూటమి వారం గడువు పెట్టింది, గడువు దాటింది, సైన్యం కదల్లేదు. ఆరు నెలలు తిరిగేసరికి మాలి, బుర్కినా ఫాసో, నైజర్ మూడూ కలిసి కూటమి నుంచి బయటికి పోతున్నామని ప్రకటించాయి.

రెండుచోట్లా ఒప్పందాలు అవే, ముందు నిలబడాల్సిన పెద్ద దేశం నైజీరియానే. మరి తేడా ఎక్కడ వచ్చింది? "గాంబియా చిన్న దేశం కాబట్టి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేయడం చాలాచోట్ల చూశాను. అది సగం జవాబే అనిపిస్తోంది. ఒప్పందాల సంగతి, సైన్యం సంగతి, ఆంక్షల సంగతి విడివిడిగా తెలిసినవాళ్లు రాయండి.

శాసనపాఠి:
ఒప్పందాలతో మొదలుపెడతాను. ఎకోవాస్ 1975 మే 28న లాగోస్‌లో పుట్టింది. మొదట్లో అంతా వ్యాపారం, రాకపోకల గొడవే. 1990లో లైబీరియా అంతర్యుద్ధంలోకి ఎకోమాగ్ సేనను పంపేనాటికి దానికి తగిన రాజకీయ నిబంధన ఒక్కటీ లేదు. అనుభవం ముందొచ్చింది, రూల్స్ ఆ తర్వాత రాసుకున్నారు.

రెండు పత్రాలు ముఖ్యం. ఒకటి 1999 డిసెంబర్‌లో లోమేలో సంతకాలైన, ఘర్షణల నివారణ, పరిష్కార యంత్రాంగం ప్రొటోకాల్ (అనుబంధ ఒప్పందం). ఎప్పుడు జోక్యం చేసుకోవచ్చో దాని 25వ అధికరణం చెబుతుంది: సభ్యదేశం మీద దాడి, దేశాల మధ్య ఘర్షణ, మానవతా విపత్తుకు దారితీసే అంతర్గత పోరు, హక్కుల ఘోర ఉల్లంఘన, ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోయడం లేదా కూలదోయబోవడం. నిర్ణయం మధ్యవర్తిత్వ, భద్రతా మండలిది. అందులో తొమ్మిది దేశాలు ఉంటాయి, హాజరైనవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకుంటే చాలు. ఏకగ్రీవం అక్కర్లేదు. ఏ ఒక్క దేశమూ అడ్డుపుల్ల వేసే వీల్లేదు, ఇది చాలా పెద్ద విషయం.

రెండోది 2001 డిసెంబర్‌లో సెనెగల్ రాజధాని డకార్‌లో సంతకాలైన ప్రజాస్వామ్యం, సుపరిపాలన అనుబంధ ప్రొటోకాల్. అధికారం ఎన్నికల ద్వారానే రావాలి, రాజ్యాంగ విరుద్ధంగా వస్తే సహించేది లేదు, సైన్యం రాజకీయాలకు దూరంగా ఉండాలి అని మొదటి అధికరణమే చెబుతుంది. ఎన్నికలకు ముందు ఆరు నెలల్లో ఎన్నికల చట్టాన్ని మౌలికంగా మార్చకూడదు, రాజకీయ పక్షాల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే తప్ప అని రెండోది. ఎన్నికల పరిశీలకులు పోలింగ్‌కు కనీసం 48 గంటల ముందే దేశంలో దిగాలన్నంత వివరంగా రాసుకున్నారు.

ఇక శిక్షలు, 45వ అధికరణం. అంతర్జాతీయ సంస్థల పదవులకు ఆ దేశపు అభ్యర్థుల్ని బలపరచకపోవడం, ఆ దేశంలో ఎకోవాస్ సమావేశాలు పెట్టకపోవడం, నిర్ణయాలు చేసే సంస్థలన్నిటి నుంచి సస్పెండ్ చేయడం. అంతే. సస్పెన్షన్‌లో ఉన్నా ఆ దేశం చందా కడుతూనే ఉండాలి. సరిహద్దులు మూసేయడం అన్న మాట 45లో ఎక్కడా లేదు. నైజర్ దగ్గరికొచ్చినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

పాలపిట్ట:
శాసనపాఠి గారు కాగితం చెప్పారు. నేను పోలింగ్ బూత్ చెబుతాను. గాంబియా కథ అక్కడే తేలిపోయింది, సైన్యం ఆ తర్వాతి మాట.

గాంబియాలో బ్యాలెట్ పేపర్ ఉండదు. అక్షరాస్యత తక్కువని 1960ల నుంచి గోళీలతో ఓటేస్తారు. ఓటరు చేతికి ఒక గాజు గోళీ ఇస్తారు. తెర వెనక అభ్యర్థికొకటి చొప్పున ఇనుప డ్రమ్ములుంటాయి, పార్టీ రంగు పూసి, అభ్యర్థి ఫోటో అంటించి. డ్రమ్ము పైన సన్నటి గొట్టం. గోళీ అందులో వేస్తే లోపలి గంటకు తగిలి ఒక్కసారి టింగుమంటుంది. బయట కూర్చున్న సిబ్బంది, ఏజెంట్లు ఆ చప్పుడు వింటారు. రెండుసార్లు మోగిందంటే ఎవరో రెండో గోళీ వేసినట్టు. గోళీ అడుగున పడి మళ్లీ చప్పుడు కాకుండా డ్రమ్ములో ఇసుకో రంపపు పొట్టో పోస్తారు. పోలింగ్ రోజు ఆ దగ్గర్లో సైకిల్ గంట కొట్టనివ్వరు.

లెక్కింపుకు 200 లేదా 500 గుంటలున్న చెక్క పళ్లేలు ఉంటాయి. గోళీలు పోసి సర్దితే పళ్లెం నిండిందో లేదో దూరం నుంచే అందరికీ కనిపిస్తుంది. వేలితో లెక్కపెట్టే పనే లేదు.

2016లో వచ్చిన మార్పు ఏమిటంటే, డ్రమ్ముల్ని ఎక్కడికో మోసుకుపోకుండా పోలింగ్ కేంద్రంలోనే అప్పటికప్పుడు లెక్కించారు. ప్రతి కేంద్రం లెక్కా పార్టీ ఏజెంట్ల దగ్గర ఉంది. మొత్తం కూడికలో తప్పు జరగొచ్చుగానీ కింది అంకె మార్చడం ఎవరివల్లా కాదు.

కూడికలో తప్పు జరిగింది కూడా. డిసెంబర్ 2న ప్రతిపక్షాల అభ్యర్థి అడామా బారోకు 2,63,515 ఓట్లు, జమ్మేకు 2,12,099 అని ప్రకటించారు. ఒక ప్రాంతం ఓట్లు తప్పుగా కలిపారని తేలి డిసెంబర్ 5న సవరించారు: బారో 2,27,708, జమ్మే 2,08,487, మూడో అభ్యర్థి మామా కాండే 89,768. తేడా 51 వేల నుంచి 19,221కి పడిపోయింది. గెలిచింది మాత్రం బారోనే. 2న ఫోన్ చేసి ఓటమి ఒప్పుకున్న జమ్మే 9న మాట మార్చడానికి ఈ సవరణనే సాకుగా పట్టుకున్నాడు. నిజాయితీగా చేసిన దిద్దుబాటు కూడా ఆలస్యమైతే ఎంత ప్రమాదమో చూడండి. జిల్లాలవారీ అంకెల్ని ఇంకొకరు మళ్లీ కూడి చూశాకే ప్రకటించి ఉంటే ఆ సాకు దొరికేది కాదు.

ఇంకో సంగతి. బారోకు వచ్చింది 43.3 శాతమే. 1997 రాజ్యాంగంలో సగానికి పైగా ఓట్లు రావాలి, రాకపోతే రెండో రౌండ్ అని ఉండేది. 2001లో ఆ రెండో రౌండ్‌ను తీసేయించింది జమ్మే ప్రభుత్వమే. ప్రతిపక్షాలు చీలిపోయినంత కాలం ఆ సవరణ ఆయనకు పనికొచ్చింది. 2016లో ఏడు పార్టీలు ఒక్క అభ్యర్థి వెనక నిలబడేసరికి అదే సవరణ ఆయన్ను దించింది.

నల్లమల:
గోళీల వివరణకు ధన్యవాదాలు. ఒక సందేహం. ఓటమి మీద అభ్యంతరం ఉంటే కోర్టుకు వెళ్లొచ్చు కదా? జమ్మే సుప్రీంకోర్టుకు వెళ్లాడని చదివాను. కోర్టులో కేసు నడుస్తుండగా బయటి దేశాల సైన్యం రావడం న్యాయమేనా?

శాసనపాఠి:
అడగాల్సిన ప్రశ్నే. వెళ్లాడు. కానీ విచారించడానికి కోర్టులో జడ్జీలు లేరు. ఏడాదికి పైగా సుప్రీంకోర్టు బెంచి ఖాళీగానే ఉంది, మిగిలింది ప్రధాన న్యాయమూర్తి ఒక్కరే. నైజీరియా, సియెర్రా లియోన్ నుంచి జడ్జీలు రావాలి, వాళ్లు రాలేదు. మే వరకూ విచారణ కుదరదని తేలింది. పదవీకాలం ముగిసేదేమో జనవరిలో. కోర్టు పేరు చెప్పి నాలుగు నెలలు కుర్చీలో కూర్చోవడానికి దారి దొరికినట్టే. జనవరి 17న 90 రోజుల ఎమర్జెన్సీ పెట్టి, పార్లమెంటు చేత పదవీకాలం మూడు నెలలు పొడిగించుకున్నది కూడా అందుకే.

జోక్యానికి చట్టబద్ధత ఎలా అంటే, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చారు. ఐక్యరాజ్య సమితి చార్టర్ 53వ అధికరణం ప్రకారం సమితి భద్రతా మండలి అనుమతి లేకుండా ప్రాంతీయ కూటములు బలప్రయోగం చేయకూడదు. జనవరి 13న ఆఫ్రికన్ యూనియన్ 19 తర్వాత జమ్మేను అధ్యక్షుడిగా గుర్తించబోమని చెప్పింది. 19న బారో డకార్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశాడు. అదేరోజు భద్రతా మండలి 2337వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఆ తీర్మానం చాలామంది అనుకున్నట్టు బలప్రయోగానికి అనుమతి కాదు. బలప్రయోగానికి వీలిచ్చే సమితి చార్టర్ ఏడో అధ్యాయం ప్రస్తావనే లేదు. ముందుగా రాజకీయ మార్గాల్లో ప్రజాతీర్పును నిలబెట్టే ఎకోవాస్ ప్రయత్నానికి మద్దతు అని మాత్రమే ఉంది. అసలు ఆధారం బారో పిలుపు. అందరూ గుర్తించిన అధ్యక్షుడు "రండి" అంటే అది దండయాత్ర కాదు, ఆహ్వానం. అందుకే ప్రమాణ స్వీకారం ముందు, సరిహద్దు దాటడం తర్వాత. గంటల తేడాతో జరిగినా ఆ వరస తప్పితే కేసు వేరేగా ఉండేది.

గోదారిగట్టు:
సైన్యం వైపు నుంచి కొన్ని వివరాలు.

గాంబియా వైశాల్యం దాదాపు 11,300 చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి గుంటూరు జిల్లా అంత. నదికి అటూ ఇటూ సన్నటి పట్టీలా ఉంటుంది. మూడువైపులా సెనెగల్, నాలుగోవైపు సముద్రం. సైన్యం రెండున్నర వేలకు మించదు. దీన్ని ఎవరూ కాదనరు. అయితే మంజీర గారన్నట్టు అది సగం జవాబే, ఎందుకంటే చిన్న దేశంలో కూడా రాజధాని వీధుల్లో పోరు మొదలైతే అంతా తారుమారే. ఆ రాజధాని బంజుల్ ఒక ద్వీపం మీద ఉంది.

అక్కడ పనిచేసినవి నాలుగు.

మొదటిది, ముందుండి నడిపించడానికి ఒక దేశం సిద్ధంగా ఉండటం. సెనెగల్‌కు ఇది పక్కింటి వ్యవహారం కాదు, దేశం మధ్యలో జరుగుతున్న వ్యవహారం. దక్షిణాన ఉన్న కాసమాన్స్ వేర్పాటువాదులకు జమ్మే అండ ఉందని సెనెగల్ ఏళ్లతరబడి చెబుతూనే ఉంది. ఖర్చుకు, ప్రాణనష్టానికి సిద్ధపడటానికి వాళ్లకు సొంత కారణం ఉంది. నైజీరియా యుద్ధవిమానాల్ని డకార్‌కు పంపింది, ఒక యుద్ధనౌకను బయల్దేరదీసింది. ఘనా, టోగో, మాలి సైనికుల్నిచ్చాయి. మొత్తం 7,000 మంది అని ప్రకటించారు.

రెండోది, చూపించి ఆగటం. 19 సాయంత్రం బలగాలు సరిహద్దు దాటాయి, ఆ వెంటనే ఆగాయి. 20 మధ్యాహ్నం వరకు గడువిచ్చారు, ఆ తర్వాత కూడా మాటల కోసం పొడిగించారు. గినీ అధ్యక్షుడు ఆల్ఫా కొండే, మారిటానియా అధ్యక్షుడు బంజుల్‌లో కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ బలగాలు కదల్లేదు. మారిటానియా 2000లోనే ఎకోవాస్ వదిలేసిన దేశం, బహుశా అందుకే జమ్మేతో మాట కలిసింది.

మూడోది, సైన్యాధిపతి మనసు. ముందు జమ్మేకు విధేయుణ్ణని చెప్పిన సైన్యాధిపతి ఉస్మాన్ బాజీ, బలగాలు సరిహద్దుకు వచ్చేసరికి ఈ రాజకీయ గొడవ కోసం తన సైనికులు పోరాడరని చెప్పేశాడు.

నాలుగోది, బయటికి పోయే తలుపు. 21 రాత్రి జమ్మే విమానమెక్కి గినీ రాజధాని కొనాక్రీ మీదుగా ఈక్వటోరియల్ గినీ చేరాడు. ఆ దేశం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు సభ్యదేశం కాదు. ఎకోవాస్, ఆఫ్రికన్ యూనియన్, సమితి ముగ్గురూ ఇచ్చిన ఉమ్మడి ప్రకటనలో ఆయన గౌరవానికి, భద్రతకు, ఆస్తులకు హామీలాంటి మాటలున్నాయి. ఇది బాధితులకు చేదు. ఆ 22 ఏళ్లలో మాయమైన మనుషుల కుటుంబాలున్నాయి. కాకపోతే ఆ తలుపు మూసి ఉంటే ఆ రాత్రి బంజుల్‌లో కాల్పులు జరిగేవని నేను నమ్ముతున్నాను. అప్పటికే దాదాపు 45,000 మంది సెనెగల్‌కు పారిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. తలుపు తెరిచినంత మాత్రాన న్యాయం మూసుకుపోలేదు. సత్యశోధన కమిషన్ 2021లో నివేదిక ఇచ్చింది, 2024 డిసెంబర్‌లో గాంబియా కోసం ప్రత్యేక ట్రిబ్యునల్ ఏర్పాటుకు ఎకోవాస్ శిఖరాగ్రమే ఒప్పుకుంది.

ఇప్పుడు ఈ నాలుగూ నైజర్ మీద పెట్టి చూడండి. 12,67,000 చదరపు కిలోమీటర్లు, రెండు తెలుగు రాష్ట్రాల్నీ కలిపినదానికి నాలుగున్నర రెట్లకు పైన. పిలవాల్సిన అధ్యక్షుడు తిరుగుబాటుదారుల చేతుల్లో బందీ. దాడి జరిగితే మొదట పోయేది ఆయన ప్రాణమే. సైన్యాధిపతి రక్తపాతం వద్దని రెండోరోజే తిరుగుబాటు వైపు వెళ్లిపోయాడు. నైజర్ మీద చేయి వేస్తే మా మీద యుద్ధమే అని మాలి, బుర్కినా ఫాసో ప్రకటించాయి. ఆఫ్రికన్ యూనియన్ సైనిక చర్యకు మద్దతివ్వలేదు. నైజీరియాలోనే ఉత్తరాది సెనేటర్లు వ్యతిరేకించారు, ఎందుకంటే సరిహద్దుకు ఇటూ అటూ ఉన్నది ఒకే హౌసా జనం, బంధుత్వాలు, సంతలు అన్నీ కలిసే ఉన్నాయి. ముందు నడిచే దేశమే లేకుండా వారం గడువు పెట్టడం పెద్ద తప్పు. అమలు చేయలేని గడువు పెడితే తర్వాతి గడువును కూడా ఎవరూ నమ్మరు.

తుంగభద్ర:
గోదారిగట్టు గారి మాటతో ఏకీభవిస్తూనే ఒకటి కలుపుతాను. నైజర్‌లో ఎకోవాస్ పరువు తీసింది గడువుకన్నా ఆంక్షలు.

2022 జనవరి 9న మాలి మీద వేసిన ఆంక్షల్లో కనీసం నిత్యావసరాలు, మందులు, పెట్రోలు, కరెంటుకు మినహాయింపు ఉంది. నైజర్ మీద 2023 జులై 30న సరిహద్దులు మూసి ఆంక్షలు వేసినప్పుడు మొదట్లో ఆ మినహాయింపు కూడా లేదు. నైజర్ వాడే కరెంటులో అప్పట్లో దాదాపు 70 శాతం నైజీరియా నుంచి వచ్చేది, దాన్ని ఆపేశారు. సముద్రం లేని దేశం. సరుకు కొటొనూ రేవులో దిగి, బెనిన్ గుండా ఉత్తరానికి వచ్చి, మలాన్‌విల్ దగ్గర నైజర్ నది వంతెన దాటి గాయా చేరాలి. ఆ వంతెన దగ్గర లారీలు కిలోమీటర్ల పొడవునా ఆగిపోయాయి. లారీలో ఉన్నది తిరుగుబాటు నాయకుడు జనరల్ చియానీ సరుకు కాదు. ఉల్లిపాయలు, బియ్యం, పిల్లల మందులు.

ఆర్థిక ఆంక్షలు పనిచేయాలంటే దెబ్బ నిర్ణయం తీసుకున్నవాడికి తగలాలి, మిగతావాళ్లకు తగలకూడదు. ఇక్కడ తిరగబడింది. "మనల్ని ఆకలితో చంపాలని చూస్తున్నారు" అని సైనిక పాలకులు చెప్పగానే రాజధాని నియామే వీధుల్లో జనం వాళ్ల వెనక చేరారు.

ఇంకో సాంకేతిక చిక్కు ఉంది. ఎనిమిది దేశాలకు ఉమ్మడి కరెన్సీ సీఎఫ్ఏ ఫ్రాంక్, ఉమ్మడి కేంద్ర బ్యాంకు బీసీఈఏఓ. అవి ఎకోవాస్‌వి కావు, యూఈఎంఓఏ అనే వేరే యూనియన్‌వి. ఎకోవాస్ నిర్ణయం మీద ఖాతాలు స్తంభింపజేసే సరికి, మాలి కేసులో 2022 మార్చిలో యూఈఎంఓఏ న్యాయస్థానమే ఆ యూనియన్ తరఫున వేసిన ఆంక్షల్ని నిలిపేయమంది. ఒకచేత్తో వేసిన తాళం ఇంకో చెయ్యి తీస్తున్నట్టయింది. పైగా మాలికి డకార్ దారి మూసేస్తే మారిటానియాలోని నౌఆక్‌షోట్ నుంచి, గినీలోని కొనాక్రీ నుంచి సరుకు తెచ్చుకుంది. మారిటానియా సభ్యదేశం కాదు. గినీలో అప్పటికే సైనిక పాలన, అది తన సరిహద్దు మూసేది లేదని చెప్పేసింది. కూటమి సరిహద్దుల్లో రెండు చిల్లులు ఉండగా దిగ్బంధం అనడంలో అర్థం లేదు.

కొండవీడు:
అందరూ తిరుగుబాటు జరిగాక ఏం చేశారన్నదే మాట్లాడుతున్నారు. రోగం ముందే మొదలైంది.

గినీ చూడండి. 2020 మార్చిలో ఆల్ఫా కొండే రిఫరెండం పెట్టి కొత్త రాజ్యాంగం తెచ్చి, పాత రెండు పదవీకాలాలు లెక్కలోకి రావని, అక్టోబర్‌లో మూడోసారి నిలబడ్డాడు. నిరసనల్లో జనం చనిపోయారు. ఎకోవాస్ 45వ అధికరణం తీయలేదు. 2021 సెప్టెంబర్ 5న కర్నల్ దుంబుయా ఆయన్ను దించగానే మాత్రం మూడురోజుల్లో సస్పెన్షన్. గాంబియాలో జమ్మేను ఒప్పించడానికి వెళ్లిన మధ్యవర్తి ఈ కొండేనే అని మర్చిపోకండి.

బారక్‌ల నుంచి వచ్చే కుట్రకు శిక్ష, రాజ్యాంగ సవరణ వేషంలో వచ్చే కుట్రకు మౌనం. జనం దీన్ని చూస్తున్నారు. సైన్యం వచ్చినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లంతా ప్రజాస్వామ్యం వద్దన్నవాళ్లు కాదు, తమకు దక్కింది అసలు ప్రజాస్వామ్యమే కాదనుకున్నవాళ్లు.

2015 మేలో ఆక్రా శిఖరాగ్రంలో సభ్యదేశాలన్నిటికీ రెండు పదవీకాలాల పరిమితి పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. అడ్డుపడినవి రెండే దేశాలు: గాంబియా, టోగో. అంతే, పక్కన పెట్టేశారు. ఎకోవాస్ మధ్యవర్తిత్వ, భద్రతా మండలిలో మూడింట రెండొంతులు చాలు అని శాసనపాఠి గారు చెప్పారు. నిజమే, కానీ దేశాధినేతల సభలో ప్రొటోకాల్ మార్చాలంటే ఏకాభిప్రాయం కోసం చూస్తారు. ఆ ఒక్కరోజు ఒప్పుకుని ఉంటే గినీలో మూడో టర్మ్‌కు శిక్ష వేసే ఆధారం ఉండేది.

మంజీర:
కొండవీడు గారూ, ఆఫ్రికన్ యూనియన్ చార్టర్‌లో దీనికి నిబంధన ఉంది కదా? 2007 నాటి ప్రజాస్వామ్య చార్టర్, 23వ అధికరణం అనుకుంటా.

శాసనపాఠి:
ఉంది. 23లో అయిదో అంశం. ప్రజాస్వామ్య రీతిలో అధికార మార్పిడికి అడ్డొచ్చే రాజ్యాంగ సవరణ కూడా రాజ్యాంగ విరుద్ధ అధికార మార్పిడే అంటుంది. చార్టర్ 2012 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. చిక్కు ఏమిటంటే ఏ సవరణ "అడ్డొస్తుంది" అని నిర్ణయించేది ఎవరు? రిఫరెండంలో గెలిచామని చూపిస్తారు. నిర్ణయించాల్సిన సభలో కూర్చునేది కూడా ఇవే పనులు చేసిన, చేయాలనుకుంటున్న అధ్యక్షులు.

ఇలాంటిచోట దేశంలోని కోర్టే ఎక్కువ పనికొస్తుంది. 2024 ఫిబ్రవరి 3న అప్పటి అధ్యక్షుడు మాకీ సాల్ సెనెగల్ అధ్యక్ష ఎన్నికల్ని వాయిదా వేస్తే, 15న రాజ్యాంగ మండలి ఆ వాయిదాను కొట్టేసింది. మార్చి 24న ఎన్నిక జరిగింది, ప్రతిపక్షం గెలిచింది. ఎకోవాస్ ఆ వారాల్లో చేసింది ప్రకటనలే.

నల్లమల:
ఎకోవాస్‌కు సొంత కోర్టు ఉంది కదా, అబుజాలో. మామూలు మనిషి అక్కడికి వెళ్లగలడా?

శాసనపాఠి:
వెళ్లగలడు, ఆ కోర్టు గొప్పతనం అదే. 2005 ప్రొటోకాల్ తర్వాత సభ్యదేశంలోని ఏ వ్యక్తయినా మానవ హక్కుల ఉల్లంఘన మీద నేరుగా దావా వేయొచ్చు. సొంత దేశంలో కింది కోర్టు నుంచి పైదాకా వెళ్లి ఓడి రావాల్సిన పనిలేదు. షరతులు రెండే: దావా వేసినవాళ్ల పేరు ఉండాలి, అదే విషయం ఇంకో అంతర్జాతీయ కోర్టులో నడుస్తూ ఉండకూడదు.

2008 అక్టోబర్ 27 తీర్పు ఒకటి చదివి తీరాల్సింది. నైజర్‌లో పన్నెండేళ్ల వయసులో అమ్ముడుపోయి బానిసగా బతికిన హదిజాతు మానీ అనే మహిళ దావా. దేశంలో బానిసత్వ నిషేధ చట్టం ఉన్నా ఆమెను కాపాడలేదని కోర్టు నైజర్ ప్రభుత్వాన్ని తప్పుపట్టి కోటి సీఎఫ్ఏ ఫ్రాంకుల పరిహారం వేసింది. నైజర్ చెల్లించింది.

అదే ఏడాది జూన్‌లో గాంబియాలో అదుపులోకి తీసుకుని మాయం చేసిన పాత్రికేయుడు ఎబ్రిమా మానే కేసులో లక్ష డాలర్ల పరిహారం, విడుదల అని తీర్పిస్తే జమ్మే ప్రభుత్వం పట్టించుకోలేదు. పైగా మరుసటేడు ఆ కోర్టు మానవ హక్కుల అధికారాన్నే కుదించాలని ప్రతిపాదన తెచ్చింది, నెగ్గలేదు.

2023 డిసెంబర్ 15న బజూమ్ నిర్బంధం అక్రమం, విడుదల చేయండి అని తీర్పొచ్చింది. అమలు కాలేదు. తీర్పు అమలు బాధ్యత ఓడిన దేశానిదే కావడం అసలు లోపం. కోర్టుకు బలగం లేదు. తీర్పు అమలు చేయని దేశం మీద చర్య తీసుకునే అధికారం దేశాధినేతల సభకు ఉందిగానీ ఆ పని చేయాలన్న ఊపు అక్కడ కనిపించదు.

పాలపిట్ట:
మన దగ్గరికి తెచ్చి ఒక్కమాట. సార్క్ చార్టర్ పదో అధికరణం ప్రకారం అన్ని నిర్ణయాలూ ఏకగ్రీవంగా జరగాలి, ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలు చర్చకే రాకూడదు. అంటే ఎకోవాస్ ఏ గదిలోకి వెళ్లి గెలిచిందో, ఓడిందో, ఆ గది తలుపు సార్క్‌లో అసలు తెరవరు. 2011లో ప్రజాస్వామ్య చార్టర్ ఒకటి ఆమోదించారుగానీ శిక్షల భాగం లేదు. 2014 ఖాట్మండూ తర్వాత శిఖరాగ్రమే జరగలేదు. ఎకోవాస్ విఫలమైందని తేలిగ్గా అనేముందు అది ఎంత పెద్ద పని తలకెత్తుకుందో చూడాలి.

గోదారిగట్టు:
నిజం. ఇంకొకటి, నైజర్ పాఠం పూర్తిగా వృథా పోలేదు. 2025 డిసెంబర్ 7న బెనిన్‌లో సైనికుల గుంపు టీవీలోకొచ్చి అధ్యక్షుడు తలాన్‌ను దించేశామని చెప్పినప్పుడు, ప్రభుత్వం పిలవగానే నైజీరియా యుద్ధవిమానాలు ఆ రోజే వచ్చాయి, ఎకోవాస్ స్టాండ్‌బై దళాన్ని పంపుతున్నట్టు ప్రకటించింది. నైజర్‌లో లేని మూడు ఇక్కడ ఉన్నాయి: పిలవడానికి స్వేచ్ఛగా ఉన్న అధ్యక్షుడు, తక్షణం కదిలిన పొరుగు దేశం, చీలిపోని సొంత సైన్యం. గడువులు పెట్టలేదు, సరిహద్దులు మూయలేదు. గంటల్లో చేయాల్సింది గంటల్లో చేశారు. ఒక్కరోజు ఆలస్యమైతే బజూమ్ పరిస్థితే.

కొండవీడు:
బెనిన్ విషయంలో సైనిక చర్య సరైనదేనని ఒప్పుకుంటాను. కానీ బెనిన్‌లో ప్రధాన ప్రతిపక్ష అభ్యర్థిని పోటీకే రానివ్వకుండా చేసినప్పుడు ఎకోవాస్ ఎక్కడుంది? నా అభ్యంతరం అక్కడే నిలిచి ఉంది.

మంజీర:
ఆ అభ్యంతరానికి ఇక్కడ ఎవరి దగ్గరా జవాబు ఉన్నట్టు లేదు. ఆఖరి ప్రశ్న. మూడు దేశాలు వెళ్లిపోయాక మామూలు జనానికి ఏమైంది? మాలి రాజధాని బమాకో నుంచి ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌కు పనికి వెళ్లేవాడి సంగతి?

తుంగభద్ర:
ఎకోవాస్ మూల ఒప్పందం 91వ అధికరణం ప్రకారం వెళ్లిపోయే దేశం ఏడాది ముందు నోటీసివ్వాలి, ఆ ఏడాదీ నిబంధనలు పాటించాలి. 2024 జనవరి 28న "తక్షణమే" అన్నా లెక్క ప్రకారం 2025 జనవరి 29నే విడిపోయారు. అదేరోజు ఎకోవాస్ తన సభ్యదేశాలన్నిటికీ కొన్ని సూచనలు ఇచ్చింది: ఎకోవాస్ గుర్తున్న ఆ మూడు దేశాల పాస్‌పోర్టుల్ని, గుర్తింపు కార్డుల్ని తదుపరి ఉత్తర్వుల దాకా అంగీకరించండి, వీసా అడగకండి, సరుకుల మీద పాత రాయితీలే కొనసాగించండి అని. అవతలి మూడు దేశాలు కూడా ఎకోవాస్ పౌరులకు వీసా అక్కర్లేదని ముందే చెప్పాయి. సీఎఫ్ఏ ఫ్రాంక్ యూనియన్‌లో అవి ఇంకా ఉన్నాయి, కాబట్టి డబ్బు మార్చుకునే ఇబ్బంది లేదు.

మార్పు సరుకు దగ్గర వచ్చింది. ఎకోవాస్ తన ఖర్చులకు బయటి దేశాల దిగుమతుల మీద 0.5 శాతం లెవీ (సుంకం) వసూలు చేస్తుంది. 2025 మార్చిలో ఆ మూడు దేశాల సమాఖ్య కూడా అచ్చం అలాగే, తమ వెలుపలి నుంచి వచ్చే దిగుమతుల మీద 0.5 శాతం లెవీ పెట్టింది, మానవతా సాయానికి మినహాయించి. అబిజాన్ నుంచి బమాకో వెళ్లే సరుకు మీద కూడా ఇప్పుడు ఆ అర శాతం పడుతుంది. మనిషి దాటొచ్చు, వాడి వెనకాల లారీ మాత్రం కట్టి వెళ్లాలి.